పాత ఎంజీబీ సస్పెన్షన్: రోడ్డుకూ ట్రాకుకూ ఒకే కారు

ప్రశ్న: మాది గుంటూరు. ఉద్యోగరీత్యా పదకొండేళ్లుగా ఇంగ్లండులోని స్విండన్‌లో ఉంటున్నాం. నిరుడు 1971 నాటి ఎంజీబీ రోడ్‌స్టర్ (పైకప్పు తెరుచుకునే బ్రిటిష్ స్పోర్ట్స్ కారు) ఒకటి కొన్నాను. క్రోమ్ బంపర్లు, స్పోకుల చక్రాలు ఉన్న మోడల్. వారాంతాల్లో నేనూ మా ఆవిడా కాట్స్‌వోల్డ్ పల్లె దారుల్లో తిరుగుతుంటాం. ఏడాదికి మూడు నాలుగుసార్లు క్యాజిల్ కూమ్ రేసు ట్రాకులో ట్రాక్ డేలకు (సొంత కారును ట్రాకు మీద నడపనిచ్చే రోజులకు) వెళ్లాలని కోరిక. ఈ వేసవిలో ఒకసారి వెళ్లి వచ్చాను. మలుపుల్లో కారు బాగా ఒరుగుతోంది, వేగంగా తిప్పితే ముక్కు బయటికే పోతోంది, గతుకు తగిలితే వెనకభాగం పక్కకు గెంతుతోంది. గ్యారేజీలో చూపిస్తే, కారును ఒకటిన్నర అంగుళం కిందికి దించే గట్టి స్ప్రింగులు, ఇప్పుడున్న 16 మిల్లీమీటర్ల యాంటీ రోల్ బార్ (కారు ఒరగకుండా ఎడమ, కుడి చక్రాలను కలిపే కడ్డీ) స్థానంలో 22 మిల్లీమీటర్లది, కీళ్ల దగ్గర ఉండే రబ్బరు బుష్‌ల (తొడుగుల) బదులు అన్నిచోట్లా రబ్బరుకన్నా గట్టిదైన పాలీయురేథేన్ బుష్‌లు, నాలుగు చక్రాలకూ టెలిస్కోపిక్ (ఒకదానిలో ఒకటి జారే గొట్టాల రకం) షాక్ అబ్జార్బర్లు ఒకేసారి వేయించమన్నారు. ఈ కారులో తిరిగితే మా ఆవిడకు ఇప్పటికే నడుం నొప్పి వస్తోంది. అన్నీ వేయించమంటారా?

సమాధానం: అన్నీ వేయించవద్దు. ఆ నాలుగింటిలో మీ కారుకు నిజంగా పనికొచ్చేది యాంటీ రోల్ బార్ మార్పు ఒక్కటే. అదీ 22 మిల్లీమీటర్లది కాదు, 19 మిల్లీమీటర్లది. అది కూడా మొదట చేయవలసిన పని కాదు. ఒరగడం, ముక్కు బయటికి పోవడం, వెనక గెంతడం అనే మూడు లక్షణాలూ ఈ కారుకు పుట్టుకతో వచ్చినవే అయినా, కొత్తగా ఉన్నప్పుడు అవి సహించదగ్గ మోతాదులోనే ఉండేవి; యాభై ఏళ్ల అరుగుదల తోడైతేనే మీరు రాసిన స్థాయికి చేరుతాయి. అరిగిన భాగాలను అలాగే ఉంచి గట్టి స్ప్రింగులు వేయించడం ఊగుతున్న గుంజల మీద కొత్త పందిరి వేసినట్టే ఉంటుంది.

ఎక్కడ చూడాలో తెలియాలంటే కారు ఎలా కట్టారో తెలియాలి. 1962లో మొదలై 1980 దాకా ఆబింగ్డన్ కర్మాగారంలో తయారైన ఎంజీబీకి, దానికి ముందు వచ్చిన ఎంజీఏలాగా విడి ఛాసిస్ లేదు, బాడీయే ఛాసిస్. ముందు సస్పెన్షన్ మొత్తం ఒక ఇనుప అడ్డదూలానికి అమర్చి, ఆ దూలాన్ని రబ్బరు దిండ్ల మీద బాడీకి బిగించారు. కింద విష్‌బోన్ (చక్రాన్ని పట్టి ఉంచే, పైకీ కిందికీ ఆడే చేయి), దాని మీద కాయిల్ స్ప్రింగు, చక్రం దగ్గర నిలువుగా కింగ్‌పిన్ (స్టీరింగు తిప్పినప్పుడు చక్రం దేని చుట్టూ తిరుగుతుందో ఆ కడ్డీ) ఉంటాయి. పైన మాత్రం వేరే విష్‌బోన్ అంటూ లేదు, లీవర్ రకం షాక్ అబ్జార్బర్ చేతులే ఆ పని చేస్తాయి. అందువల్ల ఈ కారులో షాక్ అబ్జార్బర్ లోపలి బేరింగు అరిగితే ఊగడంతో సరిపోదు, చక్రం నిలబడే కోణమే మారిపోతుంది. వెనక వైపు ఒకే గట్టి ఇరుసు, దాని కింద రెండు కమాను కట్టలు. విజయవాడ ఆటోనగర్‌లో లారీ కమాన్లకు పట్టీలు మార్చడం చూస్తూ పెరిగిన నాలాంటివాడికి ఎంజీబీ వెనకభాగం కింద దూరితే పుట్టింటికి వచ్చినట్టుంటుంది. కమాను కట్ట బరువు మోయడమే కాదు, ఇరుసు ముందుకూ వెనక్కీ పక్కకూ జరగకుండా పట్టుకోవడం కూడా దాని బాధ్యతే. దాని బుష్‌లు వదులైతే గతుకు తగిలినప్పుడు ఇరుసు రవ్వంత వంకరగా నిలుస్తుంది, కారును వెనకనుంచి తిప్పేస్తుంది. మీరు 'గెంతడం' అన్నదానిలో సగం ఇదేనని నా అనుమానం. ఈ పాతకాలపు ఏర్పాటును చూసి చిన్నబుచ్చుకోనవసరం లేదు. ప్యాడీ హాప్‌కర్క్, ఆండ్రూ హెడ్జెస్ 1965లో ఎంజీబీతోనే 24 గంటల లె మాన్స్ పందేన్ని 11వ స్థానంలో ముగించారు. ఆ కారు వెనక ఉన్నవీ కమాను పట్టీలే.

కాబట్టి మొదటి నెల ఏమీ కొనకుండా పరీక్షకు కేటాయించండి. ముందు చక్రాన్ని జాకీ మీద లేపి, టైరును పైనా కిందా పట్టుకుని ఊపి చూడండి. ఆట (వదులు) కనిపిస్తే ఒకరిని బ్రేకు నొక్కి ఉంచమని మళ్లీ ఊపండి. బ్రేకు నొక్కగానే ఆట పోతే అది చక్రం బేరింగుది, పోకపోతే కింగ్‌పిన్‌ది లేదా దాని కింద ఉండే ట్రనియన్‌ది (కింగ్‌పిన్‌ను చేతికి కలిపే కీలుది). ఈ కారులో గ్రీజు ఎంత ముఖ్యమో చాలామంది యజమానులు మరిచిపోయారు. ప్రతి 3000 మైళ్లకూ కింగ్‌పిన్‌ల నిపుల్స్ అన్నిటికీ గ్రీజు కొట్టాలి. చక్రం నేల మీద ఉండగా కొడితే బరువు పడే వైపుకు గ్రీజు చేరదు కాబట్టి, జాకీ మీద లేపి, స్టీరింగు అటూ ఇటూ తిప్పుతూ కొట్టాలి. ఏళ్ల తరబడి గ్రీజు ఎరగని కింగ్‌పిన్ బిగుసుకుపోతే స్టీరింగు బరువెక్కుతుంది, మలుపు తిరిగాక చక్రాలు తమంతట తాము నిటారుకు రావు. అటువంటి కారును ట్రాకు మీదికి తీసుకువెళ్లడం ప్రమాదం.

తరువాత బుష్‌లు. కింది విష్‌బోన్ లోపలి కొసన ఉండే మామూలు రబ్బరు బుష్‌ల బదులు, 1973 నుంచి 1976 వరకు వచ్చిన ఎంజీబీ జీటీ వీ8 మోడల్‌లో వాడిన, ఇనుప గొట్టానికి రబ్బరు అతికి ఉండే బుష్‌లు వేయించండి. మీ కారుకు అవి సరిగ్గా సరిపోతాయి, చాలాకాలం మన్నుతాయి, పాలీయురేథేన్ అంత బండగా ఉండవు. ఇక్కడ నేను స్వయంగా చేసిన తప్పు ఒకటి చెప్పాలి. నా కారుకు ఈ బుష్‌లు వేసినప్పుడు, పని త్వరగా ముగించాలన్న ఆత్రంలో, చక్రాలు గాలిలో వేలాడుతుండగానే నట్లు పూర్తిగా బిగించేశాను. కారు దింపగానే రబ్బరు మెలిపడి, నడిచినంతకాలం ఆ మెలికలోనే ఉండి, ఆరు నెలలు తిరగకుండా చిరిగిపోయింది. కారు నాలుగు చక్రాల మీద నిలిచి, బరువంతా పడి, రెండు మూడుసార్లు ఊపిన తరువాతే ఆఖరు బిగింపు బిగించాలి. వెనక కమానుల కళ్లలో ఉండే బుష్‌లకు మంచి రబ్బరే చాలు. అక్కడ పాలీయురేథేన్ వేస్తే ఇరుసు పక్కకు కదలడం తగ్గే మాట నిజమే కాని, కారు ఒరిగినప్పుడు కమాను కొంత మెలితిరగాలి. ఆ మెలికకు బుష్ చోటివ్వకపోతే వెనకభాగం ఉన్నట్టుండి బిగుసుకుని పట్టు వదిలేస్తుంది.

కమానులను చూసేటప్పుడు వంపు పోయి చదునుగా అయ్యాయా, పట్టీల మధ్య తుప్పు పట్టి ఒకదాని మీద ఒకటి జారడం మానేశాయా, ఇరుసును పట్టి ఉంచే యూ బోల్టులు వదులయ్యాయా అన్నవి గమనించండి. ఇరుసు మరీ కిందికి వేలాడకుండా ఆపే పట్టీలు తెగితే మార్చండి. వాటి ఖరీదు స్వల్పం. లీవర్ షాక్ అబ్జార్బర్ల పరీక్ష ఇంకా తేలిక. వెనకవాటి లింకు విప్పి చేతిని నెమ్మదిగా పైకీ కిందికీ ఆడిస్తే, మొదటినుంచి చివరిదాకా ఒకే బరువుతో కదలాలి. మధ్యలో ఎక్కడైనా ఖాళీగా జారితే నూనె తగ్గిందని, చేయి లోపలికి దూరే చోట తడిగా ఉంటే సీలు పోయిందని అర్థం.

స్పోకుల చక్రాల గురించి మీరు అడగలేదు, అయినా చెప్పక తప్పదు. చిన్న స్పానరుతో ఒక్కొక్క స్పోకునూ తట్టండి. గట్టి స్పోకు గంటలా మోగుతుంది, వదులైనది చప్పగా పలుకుతుంది. ముందుకూ వెనక్కూ కదిలించినప్పుడు హబ్బు దగ్గర టక్కుమని శబ్దం వస్తే లోపలి పళ్లు అరిగినట్టే. ఆ చక్రాన్ని కారుకు ఉంచకండి. ట్రాకు మీద మొదటి విడత ముగించి వచ్చాక మధ్య నట్లను తప్పకుండా తిరిగి చూడాలి.

ఇదంతా సరిచేశాక కారును ఒక వారం నడపండి. అప్పటికీ ఒరుగుతుంది, కాని ఒరిగి నిలుస్తుంది, ఊగదు. ఆ తేడా గుర్తుపట్టాకే మార్పుల సంగతి మాట్లాడుకోవాలి.

కారును ఒకటిన్నర అంగుళం దించే సలహాను నేను గట్టిగా కాదంటాను. కారు నేలకు దగ్గరగా ఉంటే బరువు కేంద్రం దిగుతుంది కాబట్టి తక్కువ ఒరుగుతుందని అందరూ అనుకుంటారు. ఆ లెక్కలో సగమే ఉంది. ఈ రకం ముందు సస్పెన్షన్‌లో కారు దిగేకొద్దీ కింది విష్‌బోన్‌ల బయటి కొసలు పైకి లేస్తాయి, దానితో కారు ఏ బిందువు చుట్టూ ఒరుగుతుందో ఆ బిందువు బరువు కేంద్రంకన్నా ఎక్కువగా కిందికి జారుతుంది. బరువు కేంద్రానికీ ఆ బిందువుకూ మధ్య దూరమే కారును ఒరిగించే మీట. దించిన కారులో ఆ మీట పొడవు పెరుగుతుంది. అంటే కారును దించి, దించినందువల్ల పెరిగిన ఒరుగును ఆపడానికి ఇంకా గట్టి స్ప్రింగులు వేసి, వాటి కుదుపులను ఆపలేని షాక్ అబ్జార్బర్లను మార్చి, ఇలా ఒక ఖర్చు వెంట మరొక ఖర్చు వస్తుంది. పైగా క్రోమ్ బంపరు మోడల్ ఎత్తు సరైన ఎత్తే. 1974 చివరలో రబ్బరు బంపర్లతో వచ్చిన కార్లను అమెరికా నిబంధనల కోసం అంగుళం పైనే లేపారు. దించే కిట్లకు గిరాకీ చాలావరకు ఆ కార్ల వల్ల వచ్చింది. మీ కారుకు ఆ జబ్బే లేదు, మందు ఎందుకు?

క్యాజిల్ కూమ్ కూడా దీనికి సాక్ష్యం చెబుతుంది. రెండో ప్రపంచయుద్ధ కాలపు విమానాశ్రయం చుట్టుదారి మీద ఏర్పడిన ఆ ట్రాకులో, క్వారీ మలుపుకు ముందు ఏవన్ రైజ్ అనే మిట్ట ఉంది. మిట్ట మీద కారు తేలికైపోతుంది, దిగుతూ బ్రేకు వేస్తూనే కుడికి తిప్పాలి. చక్రం కిందికీ పైకీ కదలడానికి చోటు మిగిలిన కారు అక్కడ నేలను వదలదు. దించిన కారు మిట్ట దిగగానే బంప్ స్టాప్ (చక్రం ఇక పైకి పోకుండా ఆపే) రబ్బరు మీద కూర్చుంటుంది, ఆ క్షణంలో దానికి స్ప్రింగే లేనట్టు లెక్క. కాట్స్‌వోల్డ్ పల్లె దారుల్లో మీ ఆవిడ నడుముకు జరిగేదీ అదే.

స్ప్రింగుల గట్టితనం విషయానికొస్తే, మీ రోడ్‌స్టర్ ముందు స్ప్రింగు ఒక అంగుళం నొక్కుకోవాలంటే 348 పౌండ్ల బరువు కావాలి. జీటీ మోడల్‌కు ఆ అంకె 480. స్ప్రింగు చక్రం దగ్గర కాక విష్‌బోన్ మీద లోపలికి కూర్చుంటుంది కాబట్టి చక్రం దగ్గర తెలిసే గట్టితనం దీనికన్నా బాగా తక్కువ. మీట నిష్పత్తి వర్గం చొప్పున అది తగ్గుతుంది. స్ప్రింగు సరిగ్గా చేతి నడుమ ఉంటే నాలుగో వంతే మిగులుతుంది. అందుకని 480 అనే అంకె చూసి భయపడనక్కరలేదు, కాని పైకప్పు బరువున్న జీటీలో సుఖంగా ఉండే స్ప్రింగు రోడ్‌స్టర్‌లో అంత సుఖంగా ఉండదు. మీ వాడకానికి, పాత స్ప్రింగులు కుంగి ఉంటే, అదే 348 పౌండ్లవి కొత్తవి వేయించండి. ఏడాదికి పదిసార్లు ట్రాకుకు వెళ్లే అలవాటు పడినప్పుడు 480 గురించి ఆలోచించవచ్చు.

ఒరుగును తగ్గించే భారాన్ని స్ప్రింగు మీద కాక యాంటీ రోల్ బార్ మీద వేయడమే రోడ్డూ ట్రాకూ రెండూ చూసే కారుకు తగిన మార్గం, ఎందుకంటే రెండు చక్రాలూ కలిసి ఒకే గతుకు ఎక్కినప్పుడు ఆ బార్ మెలితిరగదు, కుదుపు పెంచదు. అయితే కడ్డీ గట్టితనం దాని మందం నాలుగో ఘాతంతో పెరుగుతుందన్న సంగతి అమ్మేవాళ్లు చెప్పరు. 16 మిల్లీమీటర్ల నుంచి 19కి వెళ్తే గట్టితనం సుమారు రెట్టింపు. 22కి వెళ్తే మూడున్నర రెట్లు దాటుతుంది. ముందు బార్ గట్టిపడేకొద్దీ మలుపులో బరువు బయటి ముందు టైరు మీదికి ఎక్కువగా వెళ్తుంది, ఆ టైరు ముందుగా అలసిపోతుంది. ముక్కు బయటికి పోతోందని ఫిర్యాదు చేసే మీకు 22 మిల్లీమీటర్ల బార్ ఇవ్వడం అందుకే నాకు నచ్చలేదు. 19 మిల్లీమీటర్లది మాత్రం, ఒరుగు తగ్గించి బయటి టైరును నిటారుగా ఉంచడంవల్ల, చెడు కన్నా మేలే ఎక్కువ చేస్తుంది. లోపలి వెనక చక్రం తేలిపోకుండా కూడా అది తోడ్పడుతుంది. వెనక బార్ వేయించకండి.

ముక్కు బయటికి పోవడానికి అసలు మందు క్యాంబర్‌లో (చక్రం నిటారు నుంచి పక్కకు వాలే కోణంలో) ఉంది. కర్మాగారం ఈ కారు ముందు చక్రాలను ఒక డిగ్రీ పాజిటివ్‌గా, అంటే పైభాగం బయటికి వాలి ఉండేలా కూర్చింది. దానికి తోడు మలుపులో కారు ఒరిగితే బయటి టైరు తన అంచు మీద పరుగెడుతుంది. ఈ కోణాన్ని మార్చడానికి కారులో ఏ ఏర్పాటూ లేదు. పై ట్రనియన్‌కు రంధ్రం పక్కకు జరిపి చేసిన బుష్‌లు గాని, కొద్దిగా పొడవైన కింది విష్‌బోన్‌లు గాని వేయాలి. మీరు అర డిగ్రీ నెగటివ్ దగ్గర ఆగండి. ఒక డిగ్రీ దాకా వెళ్తే ట్రాకు మీద ఇంకా బాగుంటుంది, కాని మీ టైర్లు ఏడాదిలో అత్యధిక మైళ్లు తిరిగేది పల్లె దారుల్లోనే. క్యాస్టర్ (కింగ్‌పిన్ పైకొస వెనక్కి వాలి ఉండే కోణం) 7 డిగ్రీలు ఉంటుంది. స్టీరింగు తేలికపడాలని అడ్డదూలానికీ బాడీకీ మధ్య వాలు బిళ్లలు పెట్టి దాన్ని తగ్గించేవాళ్లున్నారు, ఆ పని మీరు చేయకండి. ఎక్కువ క్యాస్టర్ ఉంటే స్టీరింగు తిప్పినప్పుడు బయటి చక్రం తనంతట తానే లోపలికి వాలుతుంది, ఉచితంగా దొరికే క్యాంబర్ అది. క్యాంబర్ మార్చిన ప్రతిసారీ టో-ఇన్ (ముందు చక్రాల ముందు అంచులు లోపలికి తిరిగి ఉండే కొలత) చూపించుకోవాలి. పుస్తకం చెప్పిన ఒకటిన్నర నుంచి రెండుంబావు మిల్లీమీటర్ల మధ్యే ఉంచి, రెండు ట్రాక్ రాడ్‌లనూ (స్టీరింగు నుంచి చక్రాలకు వెళ్లే కడ్డీలను) సమానంగా తిప్పి సరిచేయమనండి. ఈ కొలతలన్నీ డ్రైవరు సీట్లో మీ అంత బరువు పెట్టి, సగం ట్యాంకు పెట్రోలుతో తీయించాలి.

షాక్ అబ్జార్బర్లు లీవర్ రకమే ఉంచి, విప్పి బాగుచేయించి, లోపలి వాల్వులను కొద్దిగా గట్టివి పెట్టించండి. వాటిలో నూనె తక్కువ, వేడెక్కితే పలచబడి పట్టు సడలుతుంది. ఇది నిజమైన లోపమే. కాని ట్రాక్ డేలో మీరు ఒక్కో విడతకు ఇరవై నిమిషాలు నడుపుతారు, 24 గంటలు కాదు. చిక్కటి నూనె పోస్తే సరిపోతుందనే చిట్కా నేనూ ప్రయత్నించాను. చలికాలపు ఉదయం కారు చెక్కబండిలా నడిచింది. ముందు వైపు టెలిస్కోపిక్‌కు మారినా, పై విష్‌బోన్‌గా పాత లీవర్ చేతులు చాలా కిట్లలో ఉండనే ఉంటాయి, వాటి అరుగుదల మీకు తప్పదు. పైగా బ్రిటన్‌లో 40 ఏళ్లు దాటిన కారుకు ఏటేటా ఎంఓటీ పరీక్ష (కారు రోడ్డు మీద తిరగడానికి తగునా అని చూసేది) అవసరం లేదన్న మినహాయింపు, గత 30 ఏళ్లలో పెద్ద మార్పులు చేసిన కారుకు వర్తించదు. సస్పెన్షన్ రకాన్నే మార్చడం ఆ పెద్ద మార్పుల లెక్కలోకి రాగలదు కనుక, అటువంటి పని ఏదైనా తలపెట్టే ముందు నిబంధన చదువుకోండి. మినహాయింపు ఉన్నా ఏడాదికొకసారి స్వచ్ఛందంగా పరీక్ష చేయించుకోవడం నాకు నచ్చిన అలవాటు; కింద దూరి చూసే రెండో జత కళ్లకు విలువ ఉంది.

టైర్లు 165 మిల్లీమీటర్ల వెడల్పువే మంచివి. 185 వేస్తే స్టీరింగు బరువెక్కుతుంది, స్పోకుల మీద ఒత్తిడి పెరుగుతుంది, ఒరుగూ పెరుగుతుంది. కారు పుస్తకం ముందు 21, వెనక 24 పౌండ్ల గాలి చెబుతుంది. ఇప్పటి రేడియల్ టైర్లకు రోడ్డు మీద 24, 26 పెట్టి మొదలుపెట్టండి. ట్రాకుకు వెళ్లిన రోజు టైరు భుజం మీద చాక్‌పీసుతో గీత గీసి, విడత ముగించి వచ్చాక చూడండి: గీత పక్కగోడ దాకా చెరిగిపోతే గాలి తక్కువ, భుజం మీద కూడా చెరగకపోతే ఎక్కువ. క్యాజిల్ కూమ్ గడియారం ముల్లు తిరిగే దిశలో సాగుతుంది, మలుపుల్లో ఎక్కువ కుడి వైపువి, కాబట్టి ఎడమ ముందు టైరు అన్నిటికన్నా ముందు వేడెక్కుతుంది. కొలత దానితో మొదలుపెట్టండి. వేడి మీద తగ్గించిన గాలిని ఇంటికి బయలుదేరేముందు తిరిగి పట్టించడం మరవకండి, చల్లారాక అది ప్రమాదకరంగా తక్కువైపోతుంది.

మార్పులు ఒకదాని తరువాత ఒకటి చేయండి, ప్రతిదానికీ మధ్య ఒక నెల కారు నడపండి, ఒక నోటుపుస్తకంలో తేదీ వేసి రాసుకోండి. యాంటీ రోల్ బార్ మార్చినట్టు బీమా కంపెనీకి తెలియజేయండి. మామూలు రోడ్డు బీమా సాధారణంగా ట్రాక్ డేకు చెల్లదు కనుక ఆ రోజుకు విడిగా తీసుకోవాలి.

ఇక మీ ఆవిడ నడుం నొప్పి. స్ప్రింగులను తప్పుపట్టేముందు ఆమె కూర్చునే సీటును విప్పి, అడుగున ఉండే రబ్బరు ఆధారాన్ని చూడండి. అది సాగిపోయో చిరిగిపోయో ఉంటే మనిషి నేరుగా సీటు ఇనుప చట్రం మీద కూర్చున్నట్టే, ఎంత మెత్తటి సస్పెన్షన్ వేసినా ప్రతి గతుకూ నడుముకే తగులుతుంది. కొత్తదానికి పెద్ద ఖర్చవదు, ఒక పూట పని. ఈ జాబులో చెప్పిన అన్నిటికన్నా ముందు అది చేయండి.